వాంపైర్ కార్డుల ఆటలో లొల్లి ఎక్కడ పుడుతుంది, ఎట్ల తెంపాలి

వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్ ఆడే బల్ల కాడ కార్డు అర్థం కాక వచ్చే లొల్లులు తక్కువే. కార్డు మీద రాసింది చదివితే ఏం చేస్తదో తెలిసిపోతది. "నేనింకా మాట్లాడలేదు", "నువ్వు అప్పుడే సరే అన్నవ్" అనే పంచాయితీలే ఎక్కువ. అంటే గొడవంతా కార్డు ఎప్పుడు వేయాలి, ముందు ఎవరు నోరు తెరవాలి అన్న దాని మీదనే. ఆ వరుస ఒక్కటి పక్కాగా పట్టుకుంటే మిగతా రూల్స్‌లో సగం వాటంతటవే అర్థమైతయి. ఆట మొత్తం కొత్తగా నేర్పడం ఇక్కడ పని కాదు. రెండు మూడు ఆటలు ఆడి, ఎక్కడెక్కడో ఆగిపోతున్నవాళ్ల కోసం ఇది.

ఉదాహరణలు సులువుగా ఉండటానికి ఐదు కుర్చీలకు మన ఊర్ల పేర్లే పెడదాం. కాజీపేటాయన ఎడమ పక్కన హన్మకొండామె, ఆమె ఎడమన వరంగలాయన, తర్వాత నర్సంపేటామె, చివరికి ములుగాయన. ములుగాయన ఎడమన మళ్లీ కాజీపేటాయన. ప్రతి ఒక్కరికీ ఎడమ పక్కవాళ్లు ప్రే, అంటే మనం వేటాడేవాళ్లు. కుడి పక్కవాళ్లు ప్రెడేటర్, అంటే మనల్ని వేటాడేవాళ్లు. హన్మకొండామెకు ప్రే వరంగలాయన, ప్రెడేటర్ కాజీపేటాయన. దీన్ని ఒక కాగితం మీద గుండ్రంగా గీసి బల్ల మధ్యలో పెట్టండి. ఒకరు ఆట నుంచి పోగానే ప్రే మారుతుంది, అప్పుడు ఆ కాగితం మస్తు అక్కరకొస్తది.

లెక్క పెట్టడానికి గింజలు ముందే తెచ్చుకోవాలి. ఒక్కొక్కరు 30 పూల్‌తో (పూల్ అంటే ఆటలో మన ప్రాణం) మొదలుపెడతారు, ఐదుగురికి 150. బ్యాంకులో ఇంకో 100 నుంచి 150 ఉంటే మధ్యలో వెతుక్కునే పని ఉండదు. చింతగింజలు దీనికి బంగారంలా పనికొస్తయి: బరువుంటయి, ఫ్యాన్ గాలికి కదలవు. పూల్‌కు ఒక రంగు, రక్తానికి ఒక రంగు అని విడిగా పెట్టొద్దు. పూల్ నుంచి వాంపైర్ మీదికి పోయేది అదే గింజ, అక్కడికి చేరినంక దాన్ని రక్తం అంటాం. అంతే.

డెక్ సంగతి రెండు మాటల్లో: క్రిప్ట్‌లో (వాంపైర్ల కట్ట) కనీసం 12 కార్డులు, లైబ్రరీలో (మిగతా కార్డుల కట్ట) 60 నుంచి 90. క్రిప్ట్ కార్డుల మీద ఉండే గ్రూపు నంబర్ ఒకటే అయి ఉండాలి, లేదంటే పక్కపక్క నంబర్లు రెండు ఉండొచ్చు. 2, 3 కలపొచ్చు, 2, 4 కలపొద్దు. మొదటి టర్న్‌లో మొదటి ఆటగాడికి 1 ట్రాన్స్‌ఫర్ (పూల్‌ను వాంపైర్ మీదికి పంపే అవకాశం), రెండోవాళ్లకు 2, మూడోవాళ్లకు 3, నాలుగో ఐదో వాళ్లకు 4. రెండో రౌండు నుంచి అందరికీ 4. ఇన్‌ఫ్లుయెన్స్ ఫేజ్‌లో వాంపైర్ బయటికొచ్చిన టర్న్‌లో దానితో యాక్షన్ చేయలేం, ఎందుకంటే యాక్షన్లు చేసే మినియన్ ఫేజ్ అప్పటికే దాటిపోయింది. కానీ అది అన్‌లాక్ అయ్యే (కార్డు నిలువుగానే) వస్తుంది, కాబట్టి వెంటనే తర్వాతి వాళ్ల టర్న్‌లో బ్లాక్ చేయొచ్చు. ఇది మరిచిపోయి కొత్తవాళ్లు ఒక రౌండంతా ఊరికే దెబ్బలు తింటారు.

యాక్షన్‌కు ఒకటే వరుస

ప్రతి యాక్షన్ ఈ దారిలోనే నడుస్తుంది. మొదట ప్రకటించడం: ఏ మినియన్ (మన వాంపైర్ లాంటి పాత్ర), ఏం చేస్తున్నాడు, ఎవరి మీద, ఏ కార్డుతో. ఆ క్షణంలోనే ఆ మినియన్‌ను లాక్ చేయాలి, అంటే కార్డును అడ్డంగా తిప్పాలి. రెండోది బ్లాక్ ప్రయత్నాలు. మూడోది, ఎవరూ బ్లాక్ చేయం అన్న తర్వాత వేసే కార్డులు. చివరిది ఫలితం, ఖర్చు.

ఒక్కొక్క మెట్టు మీద మాట్లాడే వరుస ఇది. ముందు యాక్షన్ చేస్తున్నవాళ్లు. తర్వాత ఆ యాక్షన్ ఎవరి మీదికి వస్తుందో వాళ్లు. అది ఎవరి మీదా కాకుంటే ప్రే, ఆ తర్వాత ప్రెడేటర్. ఆ తర్వాత మిగతావాళ్లు. ఎవరు ఏ కార్డు వేసినా మాట మళ్లీ మొదటికి, అంటే యాక్షన్ చేస్తున్నవాళ్ల దగ్గరికి పోతుంది. అందరూ వరుసగా "ఏం లేదు" అంటేనే ఆ మెట్టు దాటినట్టు. దాటినంక వెనక్కి రాలేం.

ఎవరు బ్లాక్ చేయొచ్చు అన్నది యాక్షన్ రకాన్ని బట్టి ఉంటుంది. ఒకరి మీద లేదా వాళ్ల కార్డు మీద చేసే యాక్షన్ అయితే ఆ ఒక్కరి మినియన్లే అడ్డం రావచ్చు. బ్లీడ్, అంటే అవతలివాళ్ల పూల్ తగ్గించే యాక్షన్, ఇట్లాంటిదే. సామాను తెచ్చుకోవడం, హంట్ (రక్తం తెచ్చుకోవడం), ఓటింగ్ పెట్టడం లాంటివి ఎవరి మీదా కావు కాబట్టి ప్రే, ప్రెడేటర్ ఇద్దరికీ అవకాశం ఉంటుంది. బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ప్రత్యేకంగా కార్డు ఉంటే తప్ప అడ్డం రాలేరు, ఎంత కోపమొచ్చినా సరే.

బ్లాక్ అయితే ఖర్చు ఏమవుతుందన్న ప్రశ్న ప్రతి ఆటలో వస్తుంది. యాక్షన్ కార్డు మీద రాసిన ఖర్చు యాక్షన్ గెలిస్తేనే కట్టాలి. అడ్డుపడితే కార్డు మాత్రం యాష్ హీప్‌కు (వాడేసిన కార్డుల కుప్పకు) పోతుంది, రక్తమో పూలో మాత్రం మిగులుతుంది. 3 పూల్ ఖరీదున్న సామాను తెస్తూ బ్లాక్ అయితే ఆ 3 పూల్ మీ దగ్గరే ఉంటయి. కానీ యాక్షన్ మాడిఫయర్లు (యాక్షన్ చేసేవాళ్లు మధ్యలో వేసేవి), రియాక్షన్లు (అవతలివాళ్లు వేసేవి), పోరాటంలో వేసే కార్డుల ఖర్చు అక్కడికక్కడ, వేసినప్పుడే కట్టాలి. తర్వాత ఏమైనా ఆ రక్తం తిరిగి రాదు.

స్టెల్త్ ఊరికే పేర్చొద్దు

బ్లాక్ చేసే మినియన్ ఇంటర్‌సెప్ట్ (పట్టుకునే బలం), యాక్షన్ చేసే మినియన్ స్టెల్త్‌కు (తప్పించుకునే బలానికి) సమానమైనా ఎక్కువైనా బ్లాక్ గెలుస్తుంది. సమానం అయితే బ్లాకర్‌దే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియనిది: స్టెల్త్ పెంచే కార్డు అవసరం పడితేనే వేయాలి. అవసరం అంటే ఒక మినియన్ నిజంగా బ్లాక్‌కు దిగి ఉండాలి, అప్పుడున్న లెక్క ప్రకారం ఆ బ్లాక్ గెలిచేలా ఉండాలి. ఇంటర్‌సెప్ట్ పెంచే కార్డుకూ ఇదే రూల్, ఉల్టాగా: బ్లాక్‌కు దిగిన మినియన్‌కు ఇంకా తక్కువ పడుతుంటేనే.

నర్సంపేటామె వాంపైర్ ఒక సామాను తెచ్చుకుంటున్నాడు అనుకుందాం. సామాను యాక్షన్‌కు మొదటి నుంచే స్టెల్త్ 1. ప్రే ములుగాయన తన వాంపైర్‌తో బ్లాక్‌కు దిగాడు, ఇంటర్‌సెప్ట్ 0. ఇప్పుడు నర్సంపేటామె ఏ స్టెల్త్ కార్డూ వేయలేదు, ఎందుకంటే బ్లాక్ ఎట్లాగూ ఓడిపోతుంది. ములుగాయన ఇంటర్‌సెప్ట్ 1 పెంచే కార్డు వేశాడు: 1కి 1. ఇప్పుడు ఆమెకు దారి తెరుచుకుంది. ఆమె స్టెల్త్ 1 పెంచింది: 2కి 1. ములుగాయన దగ్గర ఇంకేం లేదు, ప్రయత్నం ఓడింది. ఓడిన బ్లాకర్ లాక్ కాడు, అన్‌లాక్‌గానే ఉంటాడు. బ్లాక్ గెలిస్తేనే లాక్.

కథ అక్కడ అయిపోలేదు. ఇప్పుడు ప్రెడేటర్ వరంగలాయన వంతు. పెంచిన స్టెల్త్ యాక్షన్ అయిపోయేదాకా ఉంటుంది కాబట్టి ఆయన వాంపైర్ 2కు పోటీ పడాలి. ములుగాయన వాంపైర్ పెంచుకున్న ఇంటర్‌సెప్ట్ మాత్రం ఆ వాంపైర్‌దే, పక్కవాళ్లకు రాదు. అందుకే మొదటి బ్లాకర్‌ను ఖర్చు పెట్టించి ఆపడం వల్ల రెండో బ్లాకర్ పని కూడా కష్టమవుతుంది. ఇంకో చిన్న మాట: లెక్కకు 1 చాలినా, చేతిలో స్టెల్త్ 2 ఇచ్చే కార్డు ఉంటే వేయొచ్చు. అవసరమా కాదా అన్నదే చూడాలి, ఎంత మిగిలిందని కాదు. ఒకే పేరున్న మాడిఫయర్‌ను ఒకే మినియన్ ఒక యాక్షన్‌లో రెండోసారి వేయలేడు. రియాక్షన్లకూ ఇదే.

అసలు బ్లాక్ ప్రయత్నమే జరగకుంటే స్టెల్త్ కార్డులు వేయడం కుదరదు. "ముందే జాగ్రత్తకు రెండు వేస్తా" అంటే చెల్లదు. చేతిలో ఆ కార్డులు పేరుకుపోయి, వేసే దారి లేక డెక్ గడ్డకట్టడం ఇందుకే.

బ్లీడ్ తిప్పడం

అన్నింటికన్నా ఎక్కువ నోళ్లు లేచే చోటు ఇది, కాబట్టి మెల్లగా పోదాం.

కాజీపేటాయన వాంపైర్ గవర్న్ ది అన్‌అలైన్డ్ కార్డుతో హన్మకొండామెను బ్లీడ్ చేస్తున్నాడు. మామూలు బ్లీడ్ 1, కార్డు 2 కలుపుతుంది, మొత్తం 3. చేతిలో కండిషనింగ్ ఉంది, డామినేట్ అనే శక్తి సుపీరియర్ (పై స్థాయి)గా ఉంటే ఇంకో 3 పెంచుతుంది. కండిషనింగ్ మీద లిమిటెడ్ అని ఉంటుంది. బ్లీడ్ పెంచే లిమిటెడ్ మాడిఫయర్ ఒక యాక్షన్‌లో ఒకటే పడుతుంది. గవర్న్ ఇచ్చే 2 యాక్షన్ కార్డులో భాగం, మాడిఫయర్ కాదు, కాబట్టి రెండూ కలిసి 6 దాకా పోతయి. హన్మకొండామె దగ్గర 5 పూల్. ఆమె చేతిలో డిఫ్లెక్షన్ (బ్లీడ్‌ను ఇంకొకరి మీదికి తిప్పే కార్డు) ఉంది, ఒక వాంపైర్ అన్‌లాక్‌గా ఉన్నాడు.

"బ్లాక్ ఉందా?"

"లేదు."

ఈ "లేదు" తర్వాత మొదటి మాట కాజీపేటాయనదే. ఆయన ముందు రెండు దారులు. కండిషనింగ్ ఇప్పుడే వేస్తే 6 అవుతుంది, డిఫ్లెక్షన్ లేకుంటే హన్మకొండామె పోయినట్టే. వేయకుండా "నాకేం లేదు" అంటే మాట ఆమెకు పోతుంది. ఆమె కూడా "ఏం లేదు" అంటే ఆ మెట్టు అయిపోయింది, 3 మాత్రమే తగులుతుంది. అప్పుడు కాజీపేటాయన "ఓహో, డిఫ్లెక్షన్ లేదా, అయితే కండిషనింగ్" అనడం చెల్లదు. నూటికి తొంభై లొల్లులు ఈ ఒక్క వాక్యం కాడనే. ఆయన వేయకుండా ఉన్నప్పుడు ఆమె ఏదైనా కార్డు వేస్తేనే మాట మళ్లీ ఆయన దగ్గరికొస్తది.

సరే, ఆయన ముందే కండిషనింగ్ వేశాడు అనుకుందాం. 6. ఇప్పుడు ఆమె డిఫ్లెక్షన్ వేసి బ్లీడ్‌ను వరంగలాయన మీదికి తిప్పింది. డిఫ్లెక్షన్ బ్లాక్‌లు వద్దన్న తర్వాతే వేయాలి. బ్లాక్‌కు ప్రయత్నిస్తూనో, ప్రకటించగానే తొందరపడో వేయలేం. ఎవరి మీదికైనా తిప్పొచ్చు, యాక్షన్ చేస్తున్నాయన మీదికి తప్ప. తిప్పగానే మూడు సంగతులు మారతయి. బ్లీడ్ మొత్తం అట్లనే 6 ఉంటుంది. హన్మకొండామె మినియన్లకు ఇక బ్లాక్ హక్కు లేదు. వరంగలాయనకు కొత్తగా బ్లాక్ అవకాశం వస్తుంది, ఆయన బ్లాక్‌కు దిగితే కాజీపేటాయన స్టెల్త్ వేయొచ్చు. ఆయన కూడా "బ్లాక్ లేదు" అన్నాక ఆయన చేతిలో డిఫ్లెక్షన్ ఉంటే ఇంకొకరి మీదికి తోసేయొచ్చు.

వరంగలాయన దగ్గర సరిగ్గా 6 పూల్ ఉంది, ఏ కార్డూ లేదు అనుకోండి. ఆయన పోయాడు. ఇప్పుడు విక్టరీ పాయింట్ ఎవరికి? బ్లీడ్ చేసింది కాజీపేటాయన, కానీ వరంగలాయన ప్రెడేటర్ హన్మకొండామె. పాయింటు, 6 పూల్ రెండూ ఆమెకే. కాజీపేటాయనకు దక్కేది ఎడ్జ్ (బల్ల మీద ఒక్కరి దగ్గరే ఉండే గుర్తు) ఒక్కటే, ఎందుకంటే 1 అయినా తగిలిన బ్లీడ్ చేసింది ఆయన వాంపైర్. 5 పూల్ మీద ఉన్న ఆమె ఒక కార్డుతో 11కి చేరింది, ఆయన ఖర్చు పెట్టిన కండిషనింగ్‌తోనే. అందుకే ముందున్న ప్రే దగ్గర డామినేట్ ఉన్న వాంపైర్ అన్‌లాక్‌గా కనిపిస్తే, అనుభవం ఉన్నవాళ్లు 3 దగ్గరే ఆగుతారు. లేదంటే ముందు ఆ వాంపైర్‌ను లాక్ చేయించే పని చూస్తారు.

లాక్ అయిన వాంపైర్ రియాక్షన్ వేయలేడు, బ్లాక్ చేయలేడు, అది మామూలు రూల్. కానీ "వేక్" అనే రకం కార్డులు, ఆన్ ది కీ వీవ్ లాంటివి, లాక్ అయి ఉన్నా అన్‌లాక్ అయినట్టు ఆ యాక్షన్ దాకా బ్లాక్ చేయనిస్తయి, రియాక్షన్ వేయనిస్తయి. అంటే అడ్డంగా పడుకున్న కార్డును చూసి ప్రే నిద్రపోయాడు అనుకోవద్దు.

ఎడ్జ్ ఉన్నవాళ్లు తమ అన్‌లాక్ ఫేజ్‌లో 1 పూల్ తీసుకోవచ్చు. ఒకే ఫేజ్‌లో వచ్చేవి, కట్టేవి రెండూ ఉంటే వరుస మీ ఇష్టం. పూల్ 1 మీద ఉండి వేరే ఖర్చు 1 కట్టాల్సి ఉంటే ముందు ఎడ్జ్ పూల్ తీసుకోండి. 0 తాకగానే ఆట నుంచి పోయినట్టే, మీరే కట్టుకున్నా సరే. అప్పుడు కూడా మీ ప్రెడేటర్‌కు పాయింటు పోతుంది.

దెబ్బలు, టార్పర్

పోరాటంలో ఒక్కొక్క రౌండుకు వరుస: దూరం తేల్చుకోవడం, స్ట్రైక్ ఎంచుకోవడం, స్ట్రైక్ తగలడం, ఆ తర్వాత ప్రెస్ (ఇంకో రౌండు ఉందా లేదా తేల్చడం). ఇక్కడ కూడా యాక్షన్ చేసిన మినియన్‌దే మొదటి మాట. ఆ మాట ఇక్కడ భారమే: తన స్ట్రైక్ ముందే చెప్పేయాలి, అవతలివాళ్లు విని తమది ఎంచుకుంటారు.

పోరాటాన్ని అక్కడికక్కడే ముగించే కంబాట్ ఎండ్స్ స్ట్రైక్ (మెజెస్టీ కార్డు ఇట్లాంటిదే) అన్నింటికన్నా ముందు తగులుతుంది, ఫస్ట్ స్ట్రైక్ కన్నా ముందే. అందుకే చేతిలో ఎంత పెద్ద దెబ్బ ఉన్నా, అవతలి వాంపైర్ మెజెస్టీ అంటే అంతా గాలికి పోతుంది. దీన్ని ఆపాలంటే ఇమ్మోర్టల్ గ్రాపుల్ లాంటిది స్ట్రైక్‌లు ఎంచుకునే ముందే, దగ్గరి దూరంలో ఉన్నప్పుడే వేయాలి. ఆ రౌండులో చేతి దెబ్బలు తప్ప ఇంకేమీ పనికిరావు. "అరె, మెజెస్టీ వేశాడు, అయితే నా గ్రాపుల్" అంటే కుదరదు, సమయం దాటింది. దూరం తేలగానే "స్ట్రైక్‌కు ముందు ఏమైనా ఉందా?" అని గట్టిగా అడిగే అలవాటు చేసుకుంటే ఈ పంచాయితీ రాదు.

దెబ్బలు రెండు రకాలు. మామూలు దెబ్బకు ఒక్కోదానికి 1 రక్తం ఖర్చు పెట్టి మాన్పుకోవచ్చు. రక్తం చాలక ఒక్క దెబ్బ మిగిలినా టార్పర్‌కు (కదలలేని నిద్రలోకి) పోవాలి. అగ్రవేటెడ్ దెబ్బ మాన్పుకోలేం: మొదటిది తగిలిందంటే రక్తం నిండుగా ఉన్నా టార్పరే. ఆ పైన వచ్చే ఒక్కో అగ్రవేటెడ్ దెబ్బకు 1 రక్తం కట్టాలి, కట్టలేకపోతే వాంపైర్ కాలిపోయినట్టే, ఆట నుంచి పోతాడు. రెండు రకాలూ కలిసి వస్తే మామూలువి ముందు లెక్కపెట్టాలి. ఈ వరుస తప్పితే ఫలితమే మారిపోతుంది.

వాంపైర్ మీద 2 రక్తం. 2 మామూలు, 1 అగ్రవేటెడ్ పడ్డయి. ముందు 2 మాన్పుకున్నాడు, రక్తం 0. తర్వాత అగ్రవేటెడ్ 1, టార్పర్‌కు పోయాడు. బతికాడు. ఇప్పుడు రక్తం 1 ఉన్నవాడికి అవే దెబ్బలు. మామూలువాటిలో ఒకటి మాన్పుకున్నాడు, రక్తం 0, ఇంకొకటి మిగిలింది కాబట్టి అప్పటికే గాయపడ్డాడు. తర్వాత వచ్చిన అగ్రవేటెడ్ దెబ్బకు కట్టడానికి రక్తం లేదు. పోయాడు. ఒక్క గింజ తేడా. ఇంకోటి: 4 రక్తం ఉన్నవాడికి ఒకే ఒక అగ్రవేటెడ్ దెబ్బ. టార్పర్‌కు పోతాడు కానీ 4 రక్తం అట్లనే ఉంటుంది.

ఆ 4 రక్తం చాలా ముఖ్యం. టార్పర్ నుంచి లేచి రావడానికి 2 రక్తం ఖర్చు, స్టెల్త్ 1 ఉన్న యాక్షన్. టార్పర్‌లో ఉన్నవాడు హంట్ చేయలేడు. అంటే రక్తం 0తో పోయినవాడు తనంతట తాను రాలేడు, ఇంకో వాంపైర్ కాపాడాలి. కాపాడే ఖర్చు కూడా 2 రక్తం. కాపాడేవాడు కట్టొచ్చు, పడ్డవాడు కట్టొచ్చు, చెరొకటి కూడా కట్టొచ్చు. లేచి వస్తుంటే బ్లాక్ అయితే పోరాటం ఉండదు. బ్లాక్ చేసింది వాంపైర్ అయితే అక్కడే డయాబ్లరీ (పడ్డవాడి రక్తం తాగి చంపడం) చేసే అవకాశం వస్తుంది. 4 రక్తం పెట్టుకుని లేస్తున్నవాడు పక్కనున్నవాళ్లకు విందే.

డయాబ్లరీ చేస్తే పడ్డవాడి రక్తం చేసినవాడికి పోతుంది, తన సామర్థ్యం (కెపాసిటీ) మేరకు. పడ్డవాడు కాలిపోతాడు, సామాను తీసుకోవచ్చు. పడ్డవాడి కెపాసిటీ ఎక్కువైతే లైబ్రరీలోంచి ఒక డిసిప్లిన్ (శక్తి) మాస్టర్ కార్డు వెతికి పెట్టుకోవచ్చు. ఇదంతా అయ్యాక వెంటనే బ్లడ్ హంట్ ఓటింగ్ జరుగుతుంది. అది యాక్షన్ కాదు, బ్లాక్ ఉండదు. గెలిస్తే డయాబ్లరీ చేసినవాడు కూడా పోయినట్టే. ఓట్లు లెక్కపెట్టకుండా ఆశకు పోతే ఒక మంచి వాంపైర్ ఖర్చవుతాడు.

ఇంకొకటి ఇక్కడే చెప్పుకోవాలి. రెడీ ప్రాంతంలో అన్‌లాక్‌గా ఉండి, రక్తం 0 అయిన వాంపైర్ తప్పనిసరిగా హంట్ చేయాలి. వేరే యాక్షన్ చేయలేడు. అంతేకాదు, ఆ తప్పనిసరి హంట్ అయ్యేదాకా మీ మిగతా మినియన్లు కూడా తమ సొంత యాక్షన్లు మొదలుపెట్టొద్దు.

ఓట్లు

లాక్ అయిన వాంపైర్‌కు ఓటు ఉంటుందా? ఉంటుంది. టైటిల్ (పదవి) ఉండి, రెడీగా ఉంటే చాలు, అడ్డంగా ఉన్నా ఓటు వేయొచ్చు. టార్పర్‌లో ఉంటే మాత్రం లేదు. ప్రైమోజెన్‌కు 1, ప్రిన్స్‌కు 2, జస్టికార్‌కు 3, ఇన్నర్ సర్కిల్‌కు 4. సాబాట్ అనే వర్గం వైపు బిషప్ 1, ఆర్చ్‌బిషప్ 2, కార్డినల్ 3, రీజెంట్ 4. ప్రిస్కస్‌లు అందరూ కలిసి ఒక మూటగా 3. యాక్షన్‌కు వాడిన పొలిటికల్ కార్డు పెట్టినవాళ్లకు 1 ఓటు ఇస్తుంది. మిగతావాళ్లు కూడా చేతిలోంచి ఒక పొలిటికల్ కార్డు కాల్చి 1 ఓటు తెచ్చుకోవచ్చు, ఒక్కొక్కరు ఒక్కటే. ఎడ్జ్ కాల్చినా 1.

ముందు యాక్షన్ గెలవాలి, అంటే బ్లాక్‌లు దాటాలి. తర్వాత షరతులు చెప్పాలి, ఆ తర్వాతే ఓట్లు. కైన్ రిసోర్సెస్ కంటెస్టెడ్‌లో 4 పూల్ నష్టాన్ని కనీసం ఇద్దరికి పంచాలి కాబట్టి ఒకరికి 3 కన్నా ఎక్కువ పడదు. నర్సంపేటామె ప్రిన్స్ ఇది పెట్టాడు: 2 ఓట్లు, కార్డుకు 1, మొత్తం 3. హన్మకొండామె జస్టికార్ వద్దంటున్నాడు, 3. సమానం వస్తే ఓడినట్టే, అవునన్నవి ఎక్కువ ఉండాలి. అక్కడ ఎవరి చేతిలో ఎడ్జ్ ఉందో వాళ్ల గడ్డం పట్టుకోవడం మొదలవుతుంది. మాటలు ఇచ్చుకోవచ్చు, ఒప్పందాలు చేసుకోవచ్చు. కానీ ఆట రూల్స్ ఏ ఒప్పందాన్నీ నిలబెట్టవు. మాట తప్పినవాళ్ల మీద పంచాయితీ పెట్టినా తీర్పు ఉండదు.

ఒక వాంపైర్ ఒక టర్న్‌లో ఒకటే పొలిటికల్ యాక్షన్ చేయాలి. బ్లీడ్ కూడా ఒక టర్న్‌కు ఒకటే. మధ్యలో ఏదో కార్డుతో అన్‌లాక్ అయినా ఇది మారదు, మొదటిది బ్లాక్ అయిపోయినా మారదు. అన్‌లాక్ అయినవాడితో వేరే రకం యాక్షన్ చేయించుకోండి.

ఒకే వాంపైర్ ఇద్దరి దగ్గర

క్రిప్ట్ వాంపైర్లు యూనిక్. కాజీపేటాయన దగ్గర ఉన్న వాంపైరే ములుగాయన దగ్గర కూడా బయటికొస్తే కంటెస్ట్ మొదలవుతుంది. రెండు కార్డులూ బోర్లా పడతయి, వాటి మీదున్న సామాను, రక్తం అన్నీ వాటితోపాటే ఆట బయటికి పోతయి. ప్రతి అన్‌లాక్ ఫేజ్‌లో ఇద్దరూ తలా 1 పూల్ కట్టాలి, లేదంటే వదులుకోవాలి. వదులుకున్నవాళ్ల కార్డు కాలిపోతుంది. టైటిల్ కోసం కొట్లాట అయితే పూల్ కాదు, ఆ వాంపైర్ 1 రక్తం కట్టాలి. పంతానికి పోయి ఐదారు టర్న్‌లు కట్టుకుంటూ కూర్చుంటే లాభపడేది మీ ఇద్దరి ప్రెడేటర్లే. 4 కెపాసిటీ వాంపైర్ కోసం 4 పూల్ కట్టేశారంటే అక్కడే ఆపండి. అదే పూల్‌తో క్రిప్ట్‌లోని ఇంకో వాంపైర్ బయటికి వచ్చేవాడు.

మాస్టర్ కార్డులు టర్న్‌కు ఒకటే. ట్రైఫిల్ అని ఉన్నది వేస్తే ఇంకొకటి వేయొచ్చు, కానీ ట్రైఫిల్ మీద ట్రైఫిల్ వేసి మూడోది సంపాదించలేం. సడన్ రివర్సల్ లాంటి ఔట్ ఆఫ్ టర్న్ మాస్టర్ వేస్తే మీ తర్వాతి టర్న్ మాస్టర్ అవకాశాన్ని ముందే ఖర్చు పెట్టినట్టు.

పాత కార్డు, కొత్త మాట

ఈ ఆటను 1994లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేశాడు, మ్యాజిక్ ఆట తయారుచేసినాయనే. మొదట వేరే పేరుతో వచ్చి 1995లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. 2010లో అచ్చు ఆగిపోయింది, 2018లో బ్లాక్ చాంట్రీ మళ్లీ మొదలుపెట్టింది. ఈ మధ్య కాలంలో మాటలు మారాయి. పాత కార్డుల మీద ట్యాప్, అన్‌ట్యాప్ అని ఉంటే అవే ఇప్పటి లాక్, అన్‌లాక్. కొన్ని కార్డుల రాతే మారిపోయింది. ఒకరి దగ్గర పాత అచ్చు, ఇంకొకరి దగ్గర కొత్త అచ్చు ఉండి రెండూ వేరేగా చెప్తుంటే, రెండింటికీ చివరగా వచ్చిన రాతే వర్తిస్తుంది. పాత కార్డు పట్టుకుని "నాది ఇట్లనే రాసుంది" అనడం చెల్లదు. రూల్‌కు, కార్డుకు తేడా వస్తే మాత్రం కార్డుదే పైచేయి.

బల్ల కాడ లొల్లి పుడితే చేయాల్సింది ఇది. ముందు ఆ కార్డును గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా చదవాలి, మధ్యలో ముక్క ఏరుకుని కాదు. తర్వాత ఏ మెట్టు మీద ఉన్నామో తేల్చాలి: ప్రకటించారా, బ్లాక్ అడిగారా, వద్దన్నారా. ఆ తర్వాత ఎవరి మాట వంతో చూడాలి. తప్పు జరిగిందని తేలితే వెనక్కి తీసుకోవచ్చా అన్నది ఒక్కదాని మీదే ఆధారపడుతుంది: ఆ తర్వాత ఎవరైనా లైబ్రరీ నుంచి కార్డు తీశారా? ఈ ఆటలో కార్డు వేయగానే ఇంకోటి తీసుకోవాలి కాబట్టి చేతిలోకి కొత్త సంగతి వచ్చేసి ఉంటుంది. ఎవరూ తీయకుంటే వెనక్కి తిప్పండి. తీసి ఉంటే ఆట అక్కడి నుంచే సాగనివ్వండి, ఖర్చులో తప్పుంటే గింజలు సరిచేయండి. ఇల్లు ఖాళీగా దొరికే దసరా సెలవుల్లో అయితే ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ టోర్నమెంట్ లెక్కన ఆడుతుంటే రౌండుకు 2 గంటలే. సమయం అయిపోయేసరికి ఇంకా ఆటలో మిగిలినవాళ్లకు తలా 0.5 పాయింటు వస్తుంది. గేమ్ విన్ కావాలంటే కనీసం 2 పాయింట్లు ఉండాలి, బల్ల మీద అందరికన్నా ఎక్కువ కూడా ఉండాలి. కాబట్టి రూల్ తేలక పది నిమిషాలు దాటుతుంటే బయట కూర్చున్న ఒకరిని అడిగి, వాళ్లు చెప్పిందే ఆ పూటకు ఖాయం చేసుకోండి. సరైన సమాధానం ఆట అయ్యాక వెతుక్కోవచ్చు.